ఆ ప్లగ్గు కోయకండి: నావిగేషన్ పరికరానికి కారులో శాశ్వత కనెక్షన్

ప్రశ్న: కారుకి విడిగా నావిగేషన్ పరికరం కొన్నాను. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చి వాడుతున్నాను. వైరు గేరు రాడ్డు మీదుగా వేలాడుతోంది. గతుకుల్లో ప్లగ్గు కదిలితే చాలు, పవర్ పోయిందని స్క్రీన్ మీద వస్తుంది. ఫోను చార్జింగ్‌కి సాకెట్ ఖాళీ ఉండట్లేదు. ప్లగ్గు కోసేసి స్టీరియో వెనక ఎర్ర వైరుకీ నల్ల వైరుకీ కలిపేయమని ఒక ఫ్రెండు అంటున్నాడు. నేరుగా బ్యాటరీ నుంచి లాగేస్తానని ఒక ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. ఇంట్లో స్విచ్చులు, సాకెట్లు నేనే మార్చుకుంటాను. ఈ పని కూడా నేనే చేసుకోవచ్చా? ఏ వైరుకి కలపాలి? బ్యాటరీ దిగిపోతుందా? అదే ఏర్పాటు మా బావమరిది లారీకి కూడా పనికొస్తుందా?

సమాధానం: చేసుకోవచ్చండీ. ఓ పూట పని. కాకపోతే మీ ఫ్రెండు చెప్పినట్టు కత్తెర పట్టుకుని మొదలుపెడితే మాత్రం మొదటి నిమిషంలోనే పరికరం పోతుంది.

ఎందుకో చెప్తాను. ఆ ప్లగ్గు అంత లావుగా ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? దాని ముక్కు దగ్గరున్న రింగు స్క్రూలా తిప్పితే ఊడి వస్తుంది. లోపల ఒక స్ప్రింగు, చిన్న గాజు ఫ్యూజు ఉంటాయి. ఇంకా లోపల కాయిల్ ఉన్న చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి ఉంటుంది. అసలు పని చేసేది ఆ బోర్డే. కారు కరెంటు 12 వోల్టులని మనం అలవాటుగా అంటాం గానీ, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ దగ్గర 12.6 వరకూ, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా ఉంటుంది. మీ పరికరానికి కావాల్సింది 5 వోల్టులు. మధ్యలో తగ్గించేది ఆ బోర్డు. ప్లగ్గు కోసి వైర్లు కలిపేస్తే 5 వోల్టులు అడిగినదానికి 14 ఇచ్చినట్టే. ప్లగ్గు మీదో, పరికరం వెనకో సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది, చూడండి. అవుట్‌పుట్ 5 వోల్టులని ఉంటే నేను చెప్తున్నది మీకు అక్షరాలా వర్తిస్తుంది. మోటార్‌సైకిళ్లకీ పడవలకీ చేసిన కొన్ని పరికరాలు 12 వోల్టులు నేరుగా తీసుకుంటాయి. ఆ సంగతి వాటి మాన్యువల్లో స్పష్టంగా ఉంటుంది.

కాబట్టి ఆ బోర్డుని ఎక్కడో ఒకచోట ఉంచుకోవాలి. దానికి రెండు దారులున్నాయి. ఒకటి హార్డ్‌వైర్ కిట్టు. చిన్న నల్ల డబ్బాలో ఆ బోర్డు పనే చేసే కన్వర్టరు, ఒక వైపు ఎరుపు, నలుపు వైర్లు, రెండో వైపు పరికరానికి వెళ్లే పిన్ను ఉంటాయి. రెండోది, వెనక వైర్లున్న లైటర్ సాకెట్ ఒకటి విడిగా కొని, దాన్ని డ్యాష్‌బోర్డు లోపల కంటికి కనపడకుండా బిగించి, ఇప్పుడున్న ప్లగ్గునే అందులో పెట్టేయడం. ఊడిపోకుండా సాకెట్‌కీ ప్లగ్గుకీ కలిపి గుడ్డ టేపు చుట్టాలి. చూడటానికి ఇది మోటు పనిలా ఉంటుంది గానీ, నా ఓటు దీనికే. కంపెనీ ఇచ్చిన చార్జరు చెక్కుచెదరదు. రేపు పరికరం మారిస్తే ప్లగ్గు మారిస్తే సరిపోతుంది. కారు అమ్మేటప్పుడు తీసేస్తే ఆనవాలు కూడా ఉండదు.

కిట్టు విషయంలో ఒక మెలిక ఉంది. కొన్ని నావిగేషన్ పరికరాలు, ముఖ్యంగా మినీ యూఎస్‌బీ పిన్నున్నవి, వచ్చిన వైరు చార్జరుదా కంప్యూటరుదా అని పిన్నులోని ఒక కాంటాక్టు ద్వారా పసిగడతాయి. కంపెనీ వైరులో ఆ కాంటాక్టుకి ఒక రెసిస్టరు ఉంటుంది. మామూలు వైరు పెడితే కంప్యూటరుకి తగిలించారనుకుని, మ్యాపు మానేసి కంప్యూటరు బొమ్మ చూపిస్తూ కూర్చుంటుంది. పరికరం పాడైందని వెనక్కిచ్చేసేవాళ్లు కూడా ఉంటారు. కొన్నింటికి ట్రాఫిక్ సమాచారం అందుకునే రిసీవరు కూడా కంపెనీ వైరులోనే ఉంటుంది. కిట్టే కావాలనుకుంటే మీ మోడలుకి సరిపోయేదేనా అని చూసుకుని కొనండి.

ఇక ఎక్కడ కలపాలి అన్నది.

ముందు బ్యాటరీ నుంచి నేరుగా అన్న మాట చూద్దాం. ఇందులో కనెక్షన్ తప్పేమీ లేదు, కాకపోతే తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. పరికరం 5 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ తీసుకుంటే 5 వాట్లు. కన్వర్టరు నష్టం కూడా కలిపితే బ్యాటరీ వైపు అర ఆంపియర్ దాకా. రెండు రోజులు బండి తీయలేదనుకోండి, 48 గంటలకి 24 ఆంపియర్-అవర్లు. మీ బ్యాటరీ 45 ఆంపియర్-అవర్లదైతే సగానికి పైగా ఖాళీ. మూడో రోజు సెల్ఫ్ కొడితే టక్ టక్ మనడమే. పరికరం ఆఫ్ చేసినా కన్వర్టరు కొద్దో గొప్పో తాగుతూనే ఉంటుంది. తాళం వేసి నిద్రపోతున్న కారు మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే తీసుకోవాలి. అర ఆంపియరంటే దానికి పది రెట్లు. మెకానిక్కులు కారు లోపాలు చూడటానికి స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టు నుంచి కరెంటు తీసుకునే వైర్లు కూడా అమ్ముతున్నారు, రెండు నిమిషాల్లో అయిపోతుందని. అక్కడా అంతే. ఆ పోర్టులో 16వ పిన్నుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది.

స్టీరియో వెనక కలపడంలో ఇబ్బంది వేరు. బయట కొన్న స్టీరియోలకి సాధారణంగా ఎరుపు అంటే తాళం తిప్పితేనే వచ్చే కరెంటు, పసుపు అంటే ఎప్పుడూ ఉండే కరెంటు, నలుపు అంటే ఎర్త్, కారు బాడీకి కలిసేది. కారుతో పాటు వచ్చిన వైరింగ్‌లో ఈ రంగులకి అర్థం లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. పైగా వైరు తొక్క గీకి ఇంకో వైరు చుట్టి టేపు వేస్తే, ఎండకి ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. లోపల రాగి బయటపడుతుంది. వైరు మీద క్లిప్పులా నొక్కేసే నీలం, ఎరుపు ప్లాస్టిక్ జాయింట్లు కూడా నాకు నచ్చవు. లోపలి బ్లేడు సగం పోగుల్ని తెంపేస్తుంది. ఏడాదికో రెండేళ్లకో స్టీరియో వచ్చీ పోతూ ఉంటుంది, కారణం ఎవరికీ గుర్తుండదు.

కారు వైరు ఒక్కటి కూడా కోయకుండా కరెంటు తీసుకునే చోటు ఫ్యూజు బాక్సు. స్టీరింగ్ కిందో, గ్లవ్ బాక్సు వెనకో ఉంటుంది. ఫ్యూజు ట్యాప్ అని ఒక చిన్న వస్తువు దొరుకుతుంది. ఉన్న ఫ్యూజు తీసి ఆ స్థానంలో దీన్ని గుచ్చుతాం. దాని మీద రెండు గదులు ఉంటాయి. ఒకదాంట్లో పాత ఫ్యూజు, రెండోదాంట్లో మన పరికరానికి కొత్త ఫ్యూజు. పక్క నుంచి ఒక వైరు బయటికి వస్తుంది, మన కిట్టుదో సాకెట్‌దో ఎర్ర వైరు దానికే కలుపుతాం. కొనేముందు మీ కారులోంచి ఒక ఫ్యూజు పీకి చేతిలో పట్టుకెళ్లండి. స్టాండర్డ్, మినీ, పొట్టి మినీ, మైక్రో అని రకాలున్నాయి. కంటికి మినీ, పొట్టి మినీ ఒకేలా అనిపిస్తాయి, గుచ్చబోతే తెలుస్తుంది.

ఏ ఫ్యూజు ఎంచుకోవాలి? బాక్సు మూత వెనకో, మాన్యువల్లోనో పటం ఉంటుంది. లైటర్ సాకెట్, స్టీరియో, వెనక వైపరు లాంటివి చూడండి. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటరు, పెట్రోలు పంపు, స్టీరింగ్, హెడ్‌లైట్లు వీటి జోలికి వెళ్లొద్దు. అక్కడ ఒక వదులు కనెక్షన్ వల్ల పోయేది మ్యాపు ఒక్కటే కాదు.

పటంలో అనుకున్న ఫ్యూజుని మల్టీమీటరుతో ఖాయం చేసుకోండి. మీటరుని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల మొన బాడీ లోహానికి ఆనించి, ఎర్ర మొనతో ఫ్యూజు నెత్తి మీద కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల్ని తాకాలి. తాళం తీసేస్తే సున్నా, తాళం తిప్పితే 12 రావాలి. కొత్త కార్లలో తాళం తీశాక కూడా కొన్ని నిమిషాలు, లేదా తలుపు తెరిచేదాకా, కరెంటు ఉంటుంది. సున్నా రాలేదని కంగారుపడక కాసేపు ఆగి మళ్లీ చూడండి. కొందరు మెకానిక్కులు వాడే బల్బు టెస్టరు వద్దు. అది కరెంటు లాగుతుంది, పొరపాటున ఎయిర్‌బ్యాగు సర్క్యూటుకి తగిలిస్తే ప్రమాదం.

ఇంకో సంగతి, ఎవరూ పెద్దగా చెప్పరు. ఫ్యూజు ట్యాప్‌ని రెండు వైపులా తిప్పి గుచ్చొచ్చు, రెండు విధాలా పనిచేస్తుంది. కానీ ఒక విధమే సరైనది. బ్యాటరీ వైపు నుంచి కరెంటు వచ్చే కాలు ట్యాప్‌లో ఉమ్మడి కాలుకి, అంటే రెండు గదులకీ కలిసి ఉన్న కాలుకి తగలాలి. అప్పుడే పాత ఫ్యూజు పాత సర్క్యూటునీ, కొత్త ఫ్యూజు కొత్త వైరునీ విడివిడిగా కాస్తాయి. తిరగేసి గుచ్చితే మీ పరికరం కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే వెళ్తుంది. ఎలా తెలుసుకోవాలంటే, ట్యాప్ గుచ్చి, కొత్త ఫ్యూజు పెట్టి, పాత ఫ్యూజు మాత్రం పీకేయండి. తాళం తిప్పి, ట్యాప్ నుంచి వచ్చే వైరు కొసన మీటరు పెట్టండి. 12 చూపిస్తే సరిగ్గా గుచ్చారు. సున్నా అయితే తిప్పి గుచ్చండి.

కొత్త గదిలో 2 ఆంపియర్లది బూడిద రంగు, లేదా 3 ఆంపియర్లది వంగపండు రంగు ఫ్యూజు చాలు. కిట్టు మీద వేరే అంకె రాసి ఉంటే దాన్నే పాటించండి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎర్రటి 10 ఆంపియర్లది పెట్టేవాళ్లున్నారు. ఫ్యూజు ఉన్నది పరికరం కోసమని వాళ్ల లెక్క. అది కాపాడేది వైరుని. సన్నటి వైరు ఎక్కడో రాపిడికి షార్ట్ అయితే ఫ్యూజు పోవాలి, లేకపోతే డ్యాష్‌బోర్డు లోపల వైరే కాలుతుంది.

వైరు మాట వచ్చింది కాబట్టి: ఇంటి వైరింగ్‌లో మిగిలిన ముక్క వాడకండి. ఒంటి తీగ వైరు బండి అదురుకి విరుగుతుంది. ఎక్కువ పోగులున్న కారు వైరు, 0.5 లేక 0.75 చదరపు మిల్లీమీటర్లది తీసుకోండి. జాయింట్లు మెలిపెట్టి టేపు వేయొద్దు. క్రింపింగ్ లగ్గు, అంటే వైరు కొస లోపల పెట్టి నొక్కేసే లోహపు తొడుగు వేసి, పైన వేడికి ముడుచుకునే స్లీవు తొడగండి.

నల్ల వైరు దగ్గర చాలామంది అశ్రద్ధ చేస్తారు. పరికరం ఉన్నట్టుండి ఆరిపోయి మళ్లీ వెలుగుతోందంటే నేను మొదట అనుమానించేది ఎర్త్‌నే. డ్యాష్‌బోర్డు కింద కనిపించే ప్రతి బోల్టూ బాడీకి తగలదు, కొన్ని ప్లాస్టిక్‌లోకి దిగి ఉంటాయి. బాడీ రేకులోకి దిగిన బోల్టు వెతికి, మీటరుని ఓముల మీద పెట్టి, ఆ బోల్టుకీ కారు అసలు ఎర్త్ పాయింటుకీ మధ్య చూడండి. దాదాపు సున్నా రావాలి. బోల్టు వదులు చేసి, కింద రంగు ఉంటే లోహం మెరిసేదాకా గీకి, రింగు లగ్గు పెట్టి గట్టిగా బిగించండి. సీటు బెల్టు బోల్టు, ఎయిర్‌బ్యాగు బాక్సు బోల్టు, స్టీరింగ్ రాడ్డు బోల్టులు ముట్టుకోవద్దు.

పని మొదలెట్టేముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. ముందు నెగటివే ఎందుకంటే, పాజిటివ్ విప్పుతుంటే స్పానరు బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వ. నెగటివ్ తీసేశాక తగిలినా ఏమీ కాదు. మీటరుతో వోల్టులు చూసే పనులన్నీ కరెంటు ఉండగా ముందే కానిచ్చుకోండి. స్టీరియోకి కోడ్ నంబరు అడిగే కారైతే అది దగ్గర పెట్టుకోండి. గడియారం, అద్దాలు ఆటోమేటిగ్గా ఎక్కే ఏర్పాటు మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు. టెర్మినల్ తీశాక కొన్ని నిమిషాలు ఆగాకే లోపల చెయ్యి పెట్టండి. ఎయిర్‌బ్యాగు యూనిట్‌లో కాసేపు చార్జి నిలవ ఉంటుంది. ఎంతసేపో మాన్యువల్లో ఉంటుంది. ఎలక్ట్రిక్ కారైతే నారింజ రంగు కేబుళ్లు కనిపించిన చోటికి వెళ్లనే వద్దు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ దానికీ వేరే ఉంటుంది. అది విప్పే పద్ధతి మాన్యువల్లో ఎలా ఉంటే అలాగే చేయాలి.

నిజానికి కనెక్షన్ కంటే వైరు దాచడానికే ఎక్కువసేపు పడుతుంది. ముందు అద్దం పక్క స్తంభం మీది ప్లాస్టిక్ కవరు మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉందేమో చూడండి. ఉంటే ఆ కవరు విప్పే సాహసం వద్దు. అక్కడ మడిచి ఉన్న ఎయిర్‌బ్యాగు ముందు నుంచి వైరు వెళ్తే, ప్రమాదంలో అది తెరుచుకునేటప్పుడు వైరునీ దాంతోపాటు పరికరాన్నీ విసిరికొడుతుంది. అలాంటి కార్లలో వైరుని కింద నుంచే తీసుకురండి. తలుపు రబ్బరు బీడింగ్ కొద్దిగా లాగి, దాని వెంట డ్యాష్‌బోర్డు చివరిదాకా, అక్కడి నుంచి అద్దానికీ డ్యాష్‌బోర్డుకీ మధ్య సందులోకి. మొండి అంచున్న ప్లాస్టిక్ కార్డు ముక్కతో నొక్కుతూ పోతే వైరు దానంతటదే దిగుతుంది. స్క్రూడ్రైవరుతో నొక్కితే తొక్క తెగుతుంది, అద్దం అంచు బీటలిచ్చినా ఆశ్చర్యం లేదు. స్టీరింగ్ కింద మిగిలిన వైరుని చుట్ట చుట్టి అక్కడున్న వైర్ల కట్టకి ప్లాస్టిక్ టైతో కట్టండి. పెడళ్ల మీదికి జారే అవకాశం ఒక్క శాతం కూడా ఉండకూడదు.

పరికరాన్ని ఎక్కడ పెట్టాలో వైరు వేయకముందే తేల్చుకోండి. డ్రైవరు చూపుకి అడ్డం రాకుండా, ఎయిర్‌బ్యాగు మూతల మీద కాకుండా, అద్దం కింది మూల మంచిది. అద్దానికి ఏం అతికించొచ్చన్న దానిపై మీ దగ్గర నిబంధనలుంటే అవీ చూసుకోండి. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. 1575.42 మెగాహెర్ట్జ్ మీద వచ్చే వాటి సంకేతం మనదాకా చేరేసరికి చాలా బలహీనం. వేడి ఆపే లోహపు పూత ఉన్న అద్దాలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. అలాంటి అద్దాల్లో చాలావాటికి లోపలి మిర్రరు దగ్గర పూత లేని చోటు కొంచెం వదులుతారు. నాసిరకం కన్వర్టరు రేడియో రొద పుట్టిస్తుంది, పరికరాన్ని దాని పక్కనే పెట్టడమంటే రైలు పోతుండగా గుసగుస వినాలనుకోవడమే. ఎఫ్ఎమ్‌లో కూడా గరగర మొదలవుతుంది. కన్వర్టరుని పరికరానికీ యాంటెనా వైరుకీ దూరంగా, కిందికి పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే వైరుకి ఫెర్రైట్ కోర్, అంటే ఆ రొదని అణిచే నల్లటి చిన్న గొట్టం, తొడగండి.

అన్నీ అయ్యాక, కవర్లు బిగించకముందే టెర్మినల్ పెట్టి చూడండి. తాళం తిప్పితే పరికరం వెలగాలి, తీస్తే ఆరాలి, లేదా సొంత బ్యాటరీ మీదికి వెళ్తున్నట్టు చెప్పాలి. సెల్ఫ్ కొట్టే క్షణంలో పవర్ పోయిందని ఒకసారి హెచ్చరిక వస్తే ఖంగారు వద్దు. ఆ క్షణంలో బండి అలాంటి సర్క్యూట్లకి కరెంటు ఆపేస్తుంది. స్పీడు మీటరు దగ్గరుండే ఎయిర్‌బ్యాగు దీపం ఎప్పటిలా వెలిగి ఆరిపోవాలి. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి, పైకీ కిందికీ వంచండి, ఎక్కడా వైరు లాగకూడదు. ఇక ఎండలో బండి పెట్టేటప్పుడు పరికరాన్ని ఊడదీసి లోపల నీడలో పెట్టండి. లోపలి లిథియం బ్యాటరీకి అద్దం వెనక ఎండ మంచిది కాదు. వైరు దాని చోట అది ఉంటుంది.

ఎలక్ట్రీషియన్‌కే ఇద్దామనుకుంటే ఇవ్వండి, తప్పులేదు. తాళంతో వచ్చే ఫ్యూజు నుంచి ట్యాప్ వేయమనండి, స్తంభం కవరు జోలికి పోవద్దనండి. కాదు, బ్యాటరీ నుంచే అని పట్టుబడితే ఇంకొకరిని చూసుకోండి.

మీ బావమరిది లారీ సంగతి. పెద్ద లారీల్లో చాలావాటిది 24 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 28 దాకా వెళ్తుంది. మీ ప్లగ్గు మీదో కిట్టు మీదో ఇన్‌పుట్ 12-24 వోల్టులని ఉంటే అక్కడా వాడొచ్చు, ఉత్త 12 అని ఉంటే వద్దు. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి కదా, వాటిలో ఒకదాని నుంచే 12 తీసుకుందామని ఎవరైనా సలహా ఇస్తారు. పనిచేస్తుంది కూడా. కానీ ఆ ఒక్క బ్యాటరీ ఎప్పుడూ తక్కువ చార్జిలోనే ఉంటుంది, రెండోది అవసరానికి మించి చార్జి అవుతుంది. చివరికి రెండూ కలిపి మార్చాల్సి వస్తుంది. 24 తీసుకుని 5 ఇచ్చే కన్వర్టరే కొనమనండి.